పాత మంగళగిరి చీరతో నైటీ: చంక దగ్గర చీలిపోతోంది

అడిగినవారు: కాళ్లమిషను

రెండు పాత మంగళగిరి కాటన్ చీరలు, ఒక మల్లు పంచె ఉన్నాయి. చీరల వెడల్పు అంచులతో కలిపి 46 అంగుళాలు. ఛాతీ 40, నైటీ పొడవు 54 కావాలి. మొదటి చీర మామూలు నైటీ కటింగ్‌లోనే కుట్టాను: చంక గుండ్రంగా, 16 నంబరు సూది, పాలిస్టర్ దారం, సన్న కుట్టు. రెండు ఉతుకులకే చంక కింద చీలింది. కుట్టు ఊడలేదు, కుట్టు పక్కనే గుడ్డ పోయింది. కింద అంచు వచ్చేలా కొయ్యాలంటే పొడవు చాలడం లేదు. రెండో చీర పాడుచేయకముందే అడుగుతున్నాను.

సూదిమొన:

కుట్టు నిలిచి గుడ్డ పోయిందంటే తప్పు మూడు చోట్ల ఉందండీ. 16 సూది పాత గుడ్డకి మరీ లావు, చేసే కన్నం పెద్దది. సన్న కుట్టులో ఆ కన్నాలు దగ్గర దగ్గరగా పడి గుడ్డ తపాలా బిళ్ల చింపినట్టు చిరుగుతుంది. ఇక పాలిస్టర్ దారం అరిగిన నూలుకంటే గట్టిది, లాగుడు పడితే అదే కోస్తుంది. 11 నంబరు సూది, నూలు దారం, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి. టెన్షన్ కాస్త వదులు చేయండి.

కత్తెర పట్టేముందు చీరని గంజి పోయేదాకా ఉతికి, ఆరాక వెలుతురుకి ఎత్తి చూడండి. పల్చబడిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. తర్వాత రెండు బొటనవేళ్లు అంగుళం ఎడంగా పెట్టి నిలువుకీ అడ్డానికీ లాగండి. పోగులు పక్కకి జరిగి మళ్లీ సర్దుకోకపోతే ఆ చోటు పనికిరాదు. ముఖ్యంగా చూడాల్సినవి: కుచ్చిళ్ల కింద మడమ తగిలే చోటు, నడుము దగ్గర దోపుకునే పై అంచు, బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న గీతలు. నైటీకి సుమారు 110 అంగుళాలు పడుతుంది, అంటే అయిదున్నర మీటర్ల చీరలో సగం. పాడైన చోట్లు వదిలేయడానికి మొహమాటం వద్దు.

పొడవు సమస్యకి యోక్ (భుజాల నుంచి ఛాతీ దాకా విడిగా కోసి కుట్టే పై ముక్క) ఒక్కటే దారి. చీరని అడ్డంగా వాడండి, కింది అంచే నైటీ అంచు అవుతుంది, మడత కుట్టక్కర్లేదు. పై వైపు జరీ అంచుతో సహా 3.5 అంగుళాలు కోసేస్తే 42.5 మిగులుతుంది. కుట్టుకి అర అంగుళం పోగా 42. యోక్ కుట్టాక 12 రావాలి, మొత్తం 54. కింది ముక్కలు ముందుకీ వెనక్కీ చెరో 34 అంగుళాలు. యోక్ ముక్కలు 24 వెడల్పు, 13 ఎత్తు.

చంక గుండ్రంగా కొయ్యనే వద్దు. పాత లాల్చీల్లాగా తిన్నగా వదిలేసి, చంక కింద పలక ముక్క పెట్టండి. చెయ్యి ముక్క 17 వెడల్పు, 10 పొడవు. దాని మధ్యని భుజం కుట్టుకి ఆనించి ముందుకి 8, వెనక్కి 8 అంగుళాలు కుట్టాలి. దాని కిందకి 4 అంగుళాల చదరపు ముక్క వస్తుంది. దాని రెండు వైపులు చేతి కింది కుట్టులోకి, రెండు వైపులు యోక్ పక్కల్లోకి వెళ్తాయి. మూలల్లో కుట్టుని సరిగ్గా అర అంగుళం ముందే ఆపి సూదిని గుడ్డలోనే ఉంచి తిప్పండి. చివరిదాకా కుట్టేస్తే మూల ముడతపడి మళ్లీ అక్కడే చిరుగుతుంది. చెయ్యి ఎత్తినప్పుడు పడే లాగుడంతా ఈ ముక్క తీసుకుంటుంది.

మెడ వెడల్పు 6.5, ముందు లోతు 6, వెనక 2.5 ఉంటే జిప్పు లేకుండానే తల పడుతుంది. చుట్టూ ఒకటింపావు అంగుళం ఏటవాలు పట్టీ వేయండి. తిన్నగా కోసిన పట్టీ వేస్తే మెడ లేచి నిలబడుతుంది.

కుచ్చులకి పొడవాటి కుట్టు రెండు వరసలు వేసి కింది దారాలు మాత్రమే లాగండి. 34 అంగుళాలు 24కి రావాలి. ఒకే వరస వేసి లాగితే దారం తెగుతుంది, తెగకపోతే కుచ్చులు ఒకచోటే పోగవుతాయి.

అత్తాకోడళ్లచీర:

పైన చెప్పినదంతా సరే, యోక్ ఒంటి పొరతో మాత్రం వద్దు. భుజాల మీద కింది ముక్కల బరువంతా వేలాడుతుంది. మీ మల్లు పంచె లోపలి పొరకి సరిగ్గా సరిపోతుంది, యోక్ ముక్కల కొలతే దానికీ. కుచ్చుల అంచుని రెండు పొరల మధ్య పెట్టి కుడితే లోపల ఒంటికి ఏమీ గుచ్చుకోదు.

లోపలికి కొత్త గుడ్డ వాడదలిస్తే ముందు నానబెట్టి ఉతకండి. పాత చీర కుదించుకోవాల్సినంత ఎప్పుడో కుదించుకుంది. కొత్తది మొదటి ఉతుకులో లాక్కుపోయి యోక్ అంతా బుడగలు కడుతుంది. కొత్త రంగు పట్టీ అయితే తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి.

ఫాల్ విప్పొద్దు. విప్పితే సూది కన్నాల వరస బయటపడుతుంది. ఉంచితే ఆ బరువుకి నైటీ కింద చక్కగా జారుతుంది, కాళ్లకి చుట్టుకోదు. ఫాల్ ముడుచుకుపోయి ఉంటే మాత్రం తీసేయక తప్పదు.

కాళ్లమిషను:

అడ్డంగా వాడితే పడుగు (చీర పొడవునా ఉండే పోగు) అడ్డానికి వస్తుంది కదండీ? తొందరగా చిరగదా? ఇంకోటి, రెండు గళ్ల లుంగీలున్నాయి, 2 మీటర్లు, 46 వెడల్పు. మా ఆయనకి పైజామా అవుతుందా? సీటు 40, పొడవు 38.

సూదిమొన:

రాత్రి పక్క మీద దొర్లినప్పుడు లాగుడు ఎక్కువ పడేది వీపుకి, అదీ అడ్డంగానే. పడుగు పోగు సాధారణంగా పేకకంటే, అంటే చీర వెడల్పులో వెళ్లే పోగుకంటే, గట్టిగా ఉంటుంది, అది అడ్డానికి రావడం మీకు లాభమే. బొటనవేళ్ల పరీక్షలో పేక బలహీనంగా తేలిందా, అప్పుడు ఆ చీరని నైటీకి వదిలేసి బొంతలోకి వేయండి.

గళ్లలుంగీ:

పైజామాకి ఒక్క లుంగీ చాలు. లుంగీ రెండు కొసలూ కలిపి గొట్టంలా కుట్టి ఉంటే విప్పండి. లుంగీ పొడవులో ఒక్కో కాలికి 25 అంగుళాలు, కాలి పొడవు లుంగీ వెడల్పులో తీసుకోండి. 38కి నడుం మడత 1.75, కింద మడత 1.5 కలిపితే 41.25, కాబట్టి 46లో ఇంకా మిగులుతుంది. పక్క కుట్టే రాదు, లోపలి కాలి కుట్టొక్కటే. కింద 18కి తగ్గించండి.

మిగిలిన దాంట్లోంచి 7 అంగుళాల చదరపు ముక్క కోసి రెండు కాళ్ల మధ్య పెట్టాలి, అదే మియాని. అది లేకుండా కుడితే బాసింపట్టు వేసుకుని కూర్చున్న మొదటి రోజే వెనక కుట్టు వెంబడి పోతుంది. కూర్చుని కూర్చుని మెరుపెక్కిన భాగం ప్రతి లుంగీలో ఉంటుంది, ఆ చోటు మోకాలి కింద పడేలా కొయ్యండి, సీటులో రానివ్వొద్దు.

ఎలాస్టిక్ అంగుళం వెడల్పుది, నడుం కొలతకి 3 అంగుళాలు తగ్గించి. ఎక్కించాక రెండు పక్కలా నిలువు కుట్టు వేయకపోతే ఉతికినప్పుడల్లా మెలికపడుతుంది. నాడా అయితే ఆ గొడవ లేదు.

అత్తాకోడళ్లచీర:

లుంగీ నూలేనా చూసుకోండి ముందు. అంచులోంచి నాలుగు పోగులు లాగి పళ్లెంలో వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది. నల్లపొగ వచ్చి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్ కలిసినట్టే. మే నెల రాత్రుళ్లకి అది పనికిరాదు, చెమట పీల్చదు. సంచీ కుట్టుకోండి.