పాపకి రక్తంలో సీసం 14 వచ్చింది, ఇల్లు మారేలోపు ఏం చేయాలి?

మా పాపకి రెండేళ్లు. మట్టి తింటోందని రక్తపరీక్ష చేయిస్తే సీసం డెసిలీటరుకి 14 మైక్రోగ్రాములు వచ్చింది. 5 ఉన్నా ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలని డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది, అది చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

మా వెనక సందులో పాత ఇన్వర్టర్ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉంది, రాత్రంతా పొగ, పొద్దున వరండా గచ్చు మీద వేలితో రాస్తే బూడిదరంగు పొడి అంటుకుంటుంది, పాప అక్కడే ఆడుకుని ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. 2020లో ఏలూరులో జనం మూర్ఛలొచ్చి పడిపోతే రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, టీవీలో చూసి మర్చిపోయాం.

మందులు 45 దాటితేనే, ముందు ఆ దుమ్ము తగలకుండా చూడండి, ఐరన్, కాల్షియం తగ్గనివ్వకండి అన్నారు డాక్టరుగారు. చీపురు మానేసి తడిగుడ్డ పెడుతున్నా. అత్తగారేమో దిష్టి అంటున్నారు, ఆ గొడవ వేరే.

పరుపులు, బొమ్మలు పారేయాలా, కడిగితే సరిపోతుందా? పెరటి మట్టి, బోరు నీళ్లు ఎక్కడ టెస్ట్ చేస్తారు? మళ్లీ రక్తపరీక్ష ఎన్నాళ్లకి? కాలుష్య నియంత్రణ మండలికి పేరు బయటపడకుండా ఫిర్యాదు చేయొచ్చా? ఎందుకంటే ఆ షెడ్డు ఆయన మా ఇంటి ఓనర్‌కి స్వయానా బావమరిది.