బైపాస్ తర్వాత నాయనకు కాలు వాపు, ఏడుపు – ఇవి మామూలేనా?

ప్రశ్న (కర్నూలు నుంచి):
నాయనకు 61 ఏళ్లు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కమీషన్ వ్యాపారం. పోయిన నెల బైపాస్ అయింది. ఎదమీద కుట్లు బాగానే ఆరాయి. కానీ సాయంత్రానికి ఎడమ కాలు వాస్తోంది, చీలమండ దగ్గర తిమ్మిరి అంటాడు. గుండెకు ఆపరేషన్ చేస్తే కాలెందుకు ఇట్లయిందని ఒకటే అనుమానం. రాత్రిళ్లు నిద్ర లేదు. టీవీలో ఏదో సీన్ చూసి ఏడుస్తున్నాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పైగా బండి తీసుకొని యార్డుకు పోతానని గొడవ. రివ్యూకు ఇంకా టైముంది. ఈ లోపు మేమేం చేయాలి?

జవాబు 1 (అనంతపురం):
అమ్మా, నేను ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరయ్యాను. నాకూ బైపాసే. కాలిలోంచి తీసిన సిరనే గుండెకు వేస్తారు. ఆ పని పక్క సిరలు అందుకునేదాకా కాలికి నీరు దిగుతుంది. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద ఎత్తి పెట్టించండి. తిమ్మిరేమో, ఆ సిర పక్కనే పోయే సన్నని నరం దెబ్బతినడం వల్ల. నాకు ఇప్పటికీ కొంచెం ఉంది, చెప్పు జారిపోయినా తెలీదు. అయితే పిక్క ఉన్నట్టుండి బాగా వాచి నొప్పి పెట్టినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టినా, జ్వరం వచ్చినా రివ్యూ దాకా ఆగొద్దు. ఆయాసం వస్తే వెంటనే ఎమర్జెన్సీకి పోండి.

బండి మాత్రం వద్దు. రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగలతో బిగిస్తారు. అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, బాగా గట్టిపడటానికి 3 నెలల దాకా పడుతుంది. బండి స్టాండు వేసినా, గుంతలో హ్యాండిల్ బిగబట్టినా బరువంతా ఎదమీదే. డాక్టర్ సరే అనేదాకా తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. దగ్గొస్తే దిండు ఎదకు అదుముకోమనండి.

ఇక ఏడుపు. నాకు కుట్ల నొప్పికన్నా అదే కష్టమైంది. ఊరికే కళ్లలో నీళ్లు తిరిగేవి, మగాడినై ఇదేందని సిగ్గు. ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇట్లా ఉంటుందని, ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుందని డాక్టరే చెప్పాడు. తగ్గకపోతే దాచొద్దు, దానికీ మందులున్నాయి. చూడ్డానికొచ్చే చుట్టాలతో ఇంకో తంటా. ప్రతి ఒక్కరూ వాళ్ల ఊర్లో ఆపరేషనై పోయినోళ్ల కథే చెప్తారు! మా ఇంటామె ఒకాయన్ని కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసింది. నేను తేరుకున్నది మా డిపో డ్రైవర్ ఒకాయన పెన్షన్ కాగితాలు తెచ్చి నింపిపెట్టమన్నప్పుడు. మీ నాయనకూ గుమాస్తాతో చిట్టా పుస్తకం ఇంటికే తెప్పించండి.

జవాబు 2 (కడప):
చెల్లీ, నాది బైపాస్ కాదు, వాల్వు మార్పిడి. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీలో డబ్బు కట్టించుకోకుండా చేశారు. లోహపు వాల్వు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ జీవితాంతం వేసుకోవాలి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. అందుకే ఒక వారం మానేసి ఇంకో వారం గోంగూర కుండెడు తినడం కుదరదు, ఎప్పుడూ ఒకే తీరుగా తింటాను. మీ నాయనకు ఆ మందు రాయకపోతే ఈ బాధ లేదు. ఎవరో చెప్పారని ఆకుకూరలు మాన్పించొద్దు. ఊరగాయలో ఉప్పు మాత్రం చూసుకోండి. పన్ను పీకించుకోవాలన్నా సరే, గుండె డాక్టర్‌ను అడగకుండా ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా బైపాస్ తర్వాత ఇచ్చే ఆస్పిరిన్ మాత్ర) ఆపనివ్వొద్దు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. గుమాస్తాను రేపే రమ్మన్నాను. వాపుకు బిగుతు సాక్సు వేయమని మెడికల్ షాపాయన అంటున్నాడు, కొనేదా? నాయనకు షుగర్ కూడా ఉంది.

జవాబు 1:
షాపాయన మాట మీద కొనొద్దమ్మా. షుగర్ ఉన్నోళ్లకు కొందరికి కాళ్ల ధమనులు కూడా సన్నబడి ఉంటాయి, అట్లాంటి కాలికి బిగుతు సాక్సు వేస్తే పుండు పడొచ్చు. ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. వాళ్లు కాలి నాడి చూసి చెప్తారు, సైజు కూడా కొలిచి ఇస్తారు.