‘ఉప్పు కప్పురంబు’ పద్యంలో యతి ఎక్కడ ఉంది?

ప్రశ్న – పద్యాసక్తుడు

అందరికీ నమస్కారం. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను కనుక గురులఘువులు గుర్తించడం, ‘యమాతారాజభానసలగం’ సాయంతో గణాలు విడదీయడం ఇంకా మరచిపోలేదు. ఈ మధ్య అష్టావధానాలు వినడం మొదలుపెట్టాక, యతిప్రాసల గురించి అక్కడ జరిగే చర్చ అందక, మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలనిపించింది. ఆటవెలదిలో ప్రతి పాదంలోనూ మొదటి గణం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలని చదివి, నోటికి వచ్చిన వేమన పద్యాన్ని పరీక్షించి చూశాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

చివరి రెండు పాదాలలో పు–పు, వి–వి సరిపోయాయి. మొదటి పాదంలో ‘ఉ’కూ ‘నొ’కూ, రెండో పాదంలో ‘చూ’కూ ‘జా’కూ పొత్తు ఎలా కుదిరిందో తెలియలేదు. ‘పోలిక’ అనే మాట ఉంది కనుక ఇది ఉపమాలంకారమేనా అన్నది రెండో సందేహం.

జవాబు 1 – తెలుగు పంతులు

మీరు ఎంచుకున్న పద్యం చాలా మంచిది, ఎందుకంటే ఈ నాలుగు పాదాలలోనే యతి మూడు రకాలుగా కనిపిస్తుంది. యతి అంటే అదే అక్షరం తిరిగి రావడం కాదు, మైత్రి ఉన్న అక్షరం రావడం. ఆ మైత్రిని హల్లుకూ చూడాలి, దాని మీది అచ్చుకూ చూడాలి. అచ్చులలో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ మరొక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకొక జట్టు.

మొదటి పాదంలో ‘కప్పురంబు నొక్క’ అన్నచోట సంధి విడదీస్తే ‘కప్పురంబున్ + ఒక్క’ అవుతుంది. ఆ నకారం ముందు పదం చివరి ద్రుతానిదే (పదం చివర నిలిచే ‘న్’దే) తప్ప ‘ఒక్క’ది కాదు. యతి చూసేటప్పుడు సంధి జరగక ముందు ఆ పదం ఏ అచ్చుతో మొదలవుతుందో దానినే లెక్కలోకి తీసుకుంటారు కనుక ఇక్కడ ఉ–ఒ మైత్రి చక్కగా కుదిరింది. కొత్తగా నేర్చుకునేవారు యతి తప్పిందనుకునే చోట్లలో చాలా భాగం ఇలా సంధి విడదీయకుండా చూసినవే.

రెండో పాదం సంగతి వేరు. చ, జ మైత్రి గల హల్లులే అయినా ఊ, ఆ ఒక జట్టులోవి కావు. అక్కడ ఉన్నది ప్రాసయతి: మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం. ‘చూడ’, ‘జాడ’ రెండింటిలోనూ రెండో అక్షరం ‘డ’. దాని ముందున్నవి రెండూ గురువులే. ఆటవెలది, తేటగీతి, సీసం వంటి ఉపజాతులకు ఈ వెసులుబాటు ఉంది. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాలలో గానీ కందంలో గానీ ఇది చెల్లదు.

జవాబు 2 – లఘువు

పంతులు గారి వివరణకు గురులఘువుల మాట ఒకటి చేరుస్తాను. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువవుతుందని బడిలో నేర్పుతారు కానీ, ఆ సంయుక్తాక్షరం వేరే పదానిదైతే ఏమవుతుందన్న దగ్గర తరచు ఆగిపోతారు. ‘ధనవ్యయము’ సమాసం కనుక ‘న’ గురువు. ‘చాల వ్యయము’ రెండు విడి పదాలు కనుక ‘ల’ లఘువుగానే ఉంటుంది.

తరువాత ఏ ఛందస్సు పట్టుకోవాలని అడిగితే, కందం చెప్పినవాడే కవి అనే సామెతను ముందుకు తెచ్చేవారు తప్పకుండా ఉంటారు. నా అభిప్రాయంలో అది కొత్తవారిని బెదరగొట్టే సలహా. కందంలో వాడదగినవి గగ, భ, జ, స, నల అనే అయిదు గణాలే. బేసి గణం జగణం కారాదు, రెండేసి పాదాలను కలిపి లెక్కిస్తే ఆరో గణం నలమో జగణమో కావాలి, రెండు నాలుగు పాదాల చివర గురువు ఉండాలి, వీటన్నిటి మీద ప్రాసనియమం, అంటే అన్ని పాదాలలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలనే నియమం. తేటగీతికి పాదానికి ఒక సూర్యగణం (మూడు మాత్రలది), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), మళ్లీ రెండు సూర్యగణాలు సరిపోతాయి, ప్రాసనియమం లేదు. ఆటవెలదిలో చెయ్యి తిరిగాక తేటగీతికి వెళ్లి, కందాన్ని ఆ తరువాత చూసుకోవచ్చు.

జవాబు 3 – ఆటవెలది

అలంకారం సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కనుక నేను చెబుతాను. ఉపమకు ఉపమేయం (పోల్చబడేది), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సమానధర్మం (రెండింటికీ ఉన్న గుణం), ఉపమావాచకం (పోలికను తెలిపే మాట) అనే నాలుగు అంగాలు ఉంటాయి. ఈ పద్యంలోని ‘పోలిక’ ఉప్పుకూ కర్పూరానికీ మధ్య ఉన్న రూపసామ్యాన్ని చెబుతుందే గానీ, పద్యం పూర్వార్ధాన్ని ఉత్తరార్ధంతో కలపడం లేదు. ఆ రెండింటి మధ్య వలె, పోలె వంటి వాచకం ఏదీ లేదు. ఉప్పుకర్పూరాల మాట ఒక వాక్యంగా, పురుషుల మాట మరొక వాక్యంగా నిలబడి, ఒకదానిలో మరొకటి ప్రతిబింబిస్తున్నాయి. ఈ బింబప్రతిబింబ భావం వల్ల దీనిని దృష్టాంతంగా చూడటమే సబబు. కవి ‘కర్పూరం వలె పుణ్యపురుషులు వేరు’ అని ఉంటే అది ఉపమ అయ్యేది, అప్పుడు ఉప్పుకు పద్యంలో పెద్దగా పని ఉండేది కాదు.