గార పళ్లకి వెనీర్లు వేయించుకోవచ్చా?

ప్రశ్న:
మాది మునుగోడు సైడు. చిన్నప్పటిసంది బోరు నీళ్లే తాగినం, భగీరథ నీళ్లు వచ్చేసరికే నేను డిగ్రీల ఉన్న. పై ముందు పళ్ల మీద గోధుమ రంగు గార, మధ్యల తెల్ల మచ్చలు, ఎంత తోమినా పోవు. ఫొటో అంటే మూతి బిగబట్టుడే. ఇప్పుడు ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. ఒక డాక్టర్ సిరామిక్ వెనీర్లు (పంటి ముందు అతికించే పల్చటి పెంకులు) అన్నడు, ఇంకో ఆయన కాంపోజిట్ చాలన్నడు. తేడా ఏంది? పళ్లు నిజంగనే అరగదీస్తరా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జవాబు 1:
నేను డెంటిస్టునమ్మా, గుంటూరు. అవును, సిరామిక్‌కి పంటి ముందు వైపు సుమారు 0.3 నుంచి 0.7 మి.మీ. దాకా తీస్తాం, తీసిన ఎనామెల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్లీ పెరగదు కాబట్టి ఆ వెనీర్ పాడైతే ఇంకోటి వేయించుకోవాల్సిందే. బాగా చూసుకుంటే 10-15 ఏళ్లు వస్తుంది, మరక పట్టదు. కాంపోజిట్ అంటే పంటి రంగు రెజిన్, పంటి మీదే పెట్టి గట్టిపరుస్తాం; దీనికి అరగదీసేది తక్కువ, ఒక్కోసారి అసలు అక్కర్లేదు, ఒకే సిట్టింగ్‌లో అయిపోతుంది, ఖర్చూ తక్కువే, కాకపోతే 5-7 ఏళ్లకి మార్చాల్సి రావచ్చు. మీ విషయంలో ఇంకో సంగతుంది, ఫ్లోరైడ్ బాగా పట్టిన ఎనామెల్‌కి బాండింగ్ (అతికించే జిగురు) సరిగా పట్టదు, యాసిడ్ ఎచింగ్ (యాసిడ్ పూసి పన్ను గరుకు చేయడం) మామూలు కంటే ఎక్కువసేపు చేయాలి, ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు ఇలా గారపట్టడం) కేసులు చేసిన అలవాటు ఉందా అని డాక్టర్ని మొహమాటపడకుండా అడగండి.

జవాబు 2:
అక్కా మాది కనిగిరి, మా వైపు కూడా ఇదే బాధ. నేను కాంపోజిట్ చేయించుకున్నా. మొదట్లో అద్దం ముందు నుంచి కదల్లేదంటే నమ్ము. టీ ఎక్కువ తాగుతాను కదా, అంచుల దగ్గర పసుపు తిరిగింది, పాలిష్ చేస్తే పోయింది. మటన్ బొక్క కొరికితే మూల కొంచెం విరిగింది, అప్పటికప్పుడే అతికించారు. చెరకు, మొక్కజొన్న కంకి ముందు పళ్లతో కొరకడం మానేయాలి, అది మాత్రం ఖాయం.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ తమ్మీ. సార్, అరగదీయకుండ గార పోయే దారి ఏమన్న ఉన్నదా?

జవాబు 1:
ఉందమ్మా, ముందు అదే అడగాలి కూడా. మైక్రోఅబ్రేషన్ అని యాసిడ్ కలిసిన పేస్టుతో పైపొర కాస్త రుద్దుతాం, తీసేది వెనీర్ కంటే చాలా తక్కువ, గోధుమ రంగు గార చాలామందికి దీంతోనే తగ్గుతుంది. తర్వాత బ్లీచింగ్ (మందుతో పళ్లు తెల్లబరచడం) చేస్తే తెల్ల మచ్చలకీ మిగతా పంటికీ తేడా అంతగా కనపడదు. పన్ను మీద గుంటలు పడి ఉంటే మాత్రం ఇది చాలదు, వెనీరో కాంపోజిట్టో కావాలి. అప్పుడైనా ముందు రంగు తగ్గించుకుంటేనే మేలు, ఎందుకంటే ముదురు మరక పల్చటి సిరామిక్‌లోంచి కనపడుతుంది, దాన్ని దాచడానికి ఇంకా లోతుగా అరగదీస్తారు. బ్లీచింగ్‌కీ వెనీర్ అతికించడానికీ మధ్య రెండు వారాలైనా ఆగాలి, కాబట్టి పెళ్లి తేదీ పెట్టుకున్నాక హడావుడిగా మొదలుపెట్టకండి. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే అదీ చెప్పండి, నైట్ గార్డ్ (పడుకునేటప్పుడు పళ్లకి తొడిగేది) ఇస్తారు. పన్ను ముట్టుకోక ముందే మాకప్ (వెనీర్ వేశాక ఎలా ఉంటుందో చూపే తాత్కాలిక నమూనా) పెట్టి చూపించమనండి, మీకు నచ్చాకే అరగదీయనివ్వండి.