పి.కె., చునీ, బలరాం: ఆ వరుస న్యాయమేనా?

మైదానం_అంచు
1960ల భారత ఫుట్‌బాల్ అనగానే మూడు పేర్లు కలిపి చెబుతారు: పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం. మన సికింద్రాబాద్ అమ్ముగూడ బలరాం పేరు ఎప్పుడూ చివరే. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు 1962 నాటి అర్జున ఒక్కటే. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసేదాకా పద్మశ్రీ రానేలేదు. అవార్డుల మాట పక్కన పెట్టి ఆట మాట్లాడుకుందాం. ముగ్గురిలో సంపూర్ణమైన ఆటగాడు బలరామే అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాత_స్కోర్‌బోర్డు
కాదనే అంటాను. 1962 జకార్తా ఆసియా క్రీడలు తీసుకోండి. స్వర్ణం గెలిచిన మన జట్టు మొత్తం 11 గోల్స్ కొట్టింది. పి.కె. 4, చునీ 3, బలరాం 2, జర్నైల్ సింగ్ 2. బలరాం గోల్స్ రెండూ గ్రూప్ మ్యాచ్‌ల్లోనే, థాయ్‌లాండ్ మీద ఒకటి, జపాన్ మీద ఒకటి. దక్షిణ వియత్నాంతో 3-2 సెమీస్‌లో చునీ రెండు కొట్టాడు. దక్షిణ కొరియాతో 2-1 ఫైనల్లో మొదటి గోల్ పి.కె.ది. పెద్ద మ్యాచ్‌లో ఎవరు నిలబడ్డారో స్కోరే చెబుతోంది. పైగా 1963 నాటికే బలరాం ఆట అయిపోయింది.

హాఫ్‌బ్యాక్
గోల్ ఎవరు కొట్టారో చూశారు సార్, ఆ మనిషి మైదానంలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరిగాడో చూడలేదు.

ఆ రోజుల్లో పత్రికలు జట్టు ఎలా ఆడినా పేర్లను 2-3-5 వరుసలోనే (వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు) అచ్చేసేవి. చివరి పేరు లెఫ్ట్ అవుట్‌ది, అంటే ముందు వరుసలో ఎడమ అంచున ఆడేవాడిది. ఫైనల్ జట్టులో అక్కడ బలరాం పేరు చూసి, గీత పట్టుకుని పరుగెత్తి క్రాస్ వేసే వింగర్ అనుకుంటే పొరపాటే. జట్టు కోచ్ రహీం సాబ్ ఆడించింది 4-2-4కు (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) దగ్గరి ఆట. అందులో చిక్కు మధ్యలో వస్తుంది. అక్కడ ఇద్దరే ఉంటారు. బంతి చేజారగానే ఎదుటి జట్టు ముగ్గురితో వస్తే ఆ ఇద్దరి మధ్యా దారి తెరుచుకుంటుంది. వెనక వరుసలో అంచున ఉండే ఫుల్‌బ్యాక్ అడ్డుకోవడానికి లోపలికి జరిగితే అంచు ఖాళీ అవుతుంది. కాబట్టి ముందున్న నలుగురిలో ఒకరు వెనక్కి పరుగెత్తి మూడో మనిషి కావాలి. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌కు ఆ పని చేసింది జగాలో, అదీ ఎడమ వింగ్ నుంచే.

మన జట్టులో ఆ పని ఎవరు చేయాలి? పి.కె. వేగం, కుడికాలి షాట్ అక్కరకొచ్చేది ముందే, ఆయన్ని వెనక్కి లాగితే నష్టం. చునీ డ్రిబ్లింగ్ ఎదుటి గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ దగ్గర పనికొస్తుంది. సెమీస్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా వచ్చిన జర్నైల్ అసలు స్టాపర్ (వెనక మధ్యలో ఆడే డిఫెండర్), తలకు కుట్లతో ఆడుతున్నాడు. ఇక మిగిలింది యూసుఫ్ ఖాన్, బలరాం. ఇద్దరూ హైదరాబాద్ ఆటలో పెరిగినవాళ్లే. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు. కాలు పట్టేసినా చివరి విజిల్ దాకా ఆ పోవడం రావడం తప్పదు. అంత చాకిరీ చేస్తూ రెండు గోల్స్ కొట్టడం నా దృష్టిలో ముందే ఉండి నాలుగు కొట్టడానికి తక్కువ కాదు.

పాత_స్కోర్‌బోర్డు
చాకిరీ సంగతి ఒప్పుకుంటాను. కానీ చాకిరీ చేసినవాడు వేరు, మ్యాచ్ తిప్పినవాడు వేరు.

మైదానం_అంచు
అయితే రోమ్ చూద్దాం. 1960 ఒలింపిక్స్‌లో మన గ్రూప్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. మూడు మ్యాచ్‌ల్లో మనవాళ్లు కొట్టింది మూడే గోల్స్, అందులో రెండు బలరాంవి. లాక్విలాలో హంగరీ మీద 79వ నిమిషంలో కొట్టి 2-1 చేశాడు. ఇంకా పదకొండు నిమిషాల ఆట ఉంది. ఆ హంగరీ అల్లాటప్పా జట్టు కాదు. 1967లో యూరప్ మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ అందులో ఉన్నాడు, మన మీద గోల్ కూడా కొట్టాడు. ఆ జట్టు కాంస్యం గెలిచింది.

పాత_స్కోర్‌బోర్డు
హంగరీ గోల్ గొప్పదే, కాదనను. పెరూ గోల్ మాత్రం 0-3తో వెనకబడ్డాక 88వ నిమిషంలో వచ్చింది, దాన్ని అంత బరువుగా తూచకండి. గ్రోసెటోలో ఫ్రాన్స్‌తో 1-1 చేసుకున్న మ్యాచ్‌లో గోల్ పి.కె.ది. మనకు పాయింట్ తెచ్చిన ఏకైక గోల్ అది.

హాఫ్‌బ్యాక్
ఆ మాట న్యాయమే. కానీ 1963 వాదన నిలవదు. బలరాం మానుకున్నది ఊపిరితిత్తుల జబ్బు వల్ల, కాళ్లలో ఆట తగ్గి కాదు. అప్పటికి వయసు 27 లోపే. చునీ కూడా 1964లోనే అంతర్జాతీయ ఆట వదిలేశాడు, వయసూ దాదాపు అంతే. కాకపోతే ఆ తర్వాత మోహన్ బగాన్ క్లబ్‌కు ఆడుతూ కోల్‌కతా కళ్లముందే ఉన్నాడు. ఒకరికి పొట్టి కెరీర్ మచ్చ, ఇంకొకరికి కాదు అంటే ఎలా?

గోల్సే కావాలంటే 1961 కలకత్తా లీగ్ చూడండి. బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు కెప్టెన్, ఆ జట్టు లీగ్ గెలిచింది, 23 గోల్స్‌తో ఆ ఏడు టాప్ స్కోరర్ ఆయనే. ముందుండి ఆడమంటే అంత కొట్టినవాడు దేశం జెర్సీలో అంచుకెళ్లి, అవసరమైనప్పుడు వెనక్కి పరుగెత్తాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే రెట్టింపవుతుంది.

పాత_స్కోర్‌బోర్డు
23 గోల్స్ లెక్క నా వాదనను కొంత దెబ్బతీసింది, నిజమే. పొట్టి కెరీర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చునీ కంటే బలరాంను పైన పెట్టడానికి ఇప్పుడు సిద్ధమే. పి.కె. కంటే పైన మాత్రం పెట్టను. రోమ్‌లో పాయింట్ తెచ్చిందీ ఆయనే, జకార్తా ఫైనల్లో తలుపు తెరిచిందీ ఆయనే.

మైదానం_అంచు
ఆ తలుపు దగ్గర పి.కె. నిశ్చింతగా నిలబడ్డాడంటే, రెండో వైపు వెనక్కి పరుగెత్తిన మనిషి ఒకడున్నాడు కాబట్టే. నా ఓటు మారదు.