తన్వి అంటే ఏంది?

కావలి నుంచి: పాపది స్వాతి నాలుగో పాదం. ‘తన్వి’ అనుకుంటుండాం. అర్థం ఏందన్నా? ఇంగ్లీషులో టి పక్కన హెచ్ పెట్టాలా?

జవాబు: ఆ పాదానికి పేరు మొదలయ్యే అక్షరం ‘తా’ కాబట్టి ‘త’ సరిపోతుంది. ‘తను’ అంటే సన్నని. స్త్రీలింగం ‘తన్వీ’, నాజూకు మేను గలది. మేఘసందేశంలో యక్షుడి భార్యను కాళిదాసు అన్న మాటే. తెలుగులో చివర పొట్టి ‘వి’. గుణం సంగతి ఇందులో లేదు, ‘సుగుణాల రాశి’ అని పేర్ల యాప్‌లు రాసేది అల్లికే.

ఇంకో జవాబు: హెచ్ లేకుంటే మనోళ్లు ‘టన్వి’ అంటారు, ఉంటే ఉత్తరాదోళ్లు ‘థన్వి’ అంటారు. ఏదైనా ఒకటే ఖాయం చేసి జనన ధృవపత్రంలో, ఆధార్‌లో అదే రాయించండి. జననం నమోదైన 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు.

కావలి నుంచి: అయితే హెచ్‌తోనే అక్కా.