డిస్నీ పార్కు టీ షర్టులు, పిన్నులు, మిక్కీ చెవులు: బెజవాడలో పెద్దవాళ్లు రోజువారీగా వాడటం ఎలా?

గాంధీకొండ:
నమస్కారమండీ. నలభై దాటిన మనిషి వాడకానికి అడుగుతున్నాను. టోక్యో డిస్నీలాండ్ టీ షర్టులు రెండు, హాంకాంగ్‌ది ఒకటి, వీపు మీద పెద్ద అక్షరాలున్న పొడుగు చేతుల స్పిరిట్ జెర్సీ ఒకటి ఉన్నాయి. చెవుల బ్యాండు ఒకటి, ఎనామిల్ పిన్నులు ఓ పన్నెండు. బీరువాలో దాచుకోవడానికి కాదు, బీసెంట్ రోడ్డుకీ రైతు బజారుకీ బస్టాండుకీ వేసుకెళ్లడానికే కొన్నవి. మన ఎండకి ఏది నిలుస్తుంది? ప్రింటు పగలకుండా ఎలా ఉతకాలి? ఎక్కడ వేసుకోవచ్చు, ఎక్కడ మానుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

అద్దకంపని:
ముందు బట్ట సంగతి చూడండి. బొమ్మ ఎంత బాగున్నా బట్ట బరువు సరిపోకపోతే ఆ చొక్కా మేలో ఒంటి మీద నిలవదు. మన ఊళ్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా 160 నుంచి 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) కాటన్ సింగిల్ జెర్సీ, అంటే మామూలు టీ షర్టు అల్లిక బట్ట, మించకూడదు. 220 దాటిందంటే చలికాలం సరుకు. మీ స్పిరిట్ జెర్సీ మందపాటి కాటన్, పొడుగు చేతులు, కాబట్టి డిసెంబరు, జనవరి సాయంత్రాలకి ఉంచండి. రైలు ఏసీ బోగీలో కూడా హాయిగా ఉంటుంది.

రెండోది ప్రింటు వైశాల్యం. ఛాతీ అంతా కప్పే ప్లాస్టిసాల్ (ప్లాస్టిక్ సిరా) ప్రింటు రబ్బరు షీటు లాంటిది, దాని వెనక గాలి ఆడదు, చెమట అక్కడే నిలుస్తుంది. నల్ల బట్ట అయితే కింద తెల్ల పూత కూడా వేస్తారు కాబట్టి ఇంకా మందం. ఎండాకాలానికి ఎడమ ఛాతీ మీద మూడు, నాలుగు అంగుళాల బొమ్మ ఉన్నదే ఎంచుకోండి. వీపు ప్రింటుకి ఇంకో శత్రువు బ్యాక్‌ప్యాక్. రోజూ రాసుకుని అక్షరాల అంచులు లేస్తాయి. బూడిద రంగులో చెమట మచ్చ అన్నిటికన్నా ఎక్కువ కనపడుతుంది. తెలుపు, ముదురు నీలం నయం.

ప్రింటు పగలడానికి అసలు కారణం చాలాసార్లు ఉతుకు కాదు, అచ్చు వేసేటప్పుడు సిరా సరిగ్గా ఉడకకపోవడం. ప్లాస్టిసాల్ సిరా పొర అడుగుదాకా సుమారు 160 డిగ్రీలు చేరాలి. పైన మాత్రమే ఉడికితే రెండు మూడు ఉతుకులకే పగుళ్లు వస్తాయి. కొనేటప్పుడే పరీక్ష చెయ్యండి: ప్రింటును రెండు చేతులతో మెల్లగా సాగదీయండి. సాగి వెనక్కి వస్తే మంచిది, గీతలు పడితే వద్దు. డీటీఎఫ్ ప్రింటు (ఫిల్ము మీద అచ్చేసి వేడితో బట్టకి అంటించేది) అంచు లేస్తే మాత్రం బాగు చేసుకోవచ్చు. పైన బేకింగ్ కాగితం వేసి 150 డిగ్రీల హీట్ ప్రెస్‌లో పది, పదిహేను సెకన్లు నొక్కిస్తే మళ్లీ అంటుకుంటుంది. పఫ్ ప్రింటుకి ఆ పని చెయ్యకండి. స్పిరిట్ జెర్సీ అక్షరాలు వేడికి ఉబ్బిన సిరాయే, దాని మీద ఇస్త్రీ పెట్టారంటే అణిగిపోతుంది, తిరిగి లేవదు.

ఉతకడం: తిరగేసి, చల్లటి నీళ్లలో, లిక్విడ్ సబ్బుతో. బోరు నీళ్ల కాఠిన్యానికి పొడి సబ్బు సరిగ్గా కరగదు, ఆ తెల్లటి తెట్టు బట్టకి పట్టి నల్ల చొక్కా బూడిదగా కనపడుతుంది. ఆఖరి జాడింపు మునిసిపల్ నీళ్లలో పెట్టుకోండి. బ్రష్షు, బండకేసి బాదడం రెండూ వద్దు. నీడలో, తిరగేసే, నడుము దగ్గర మడిచి తాడు మీద వెయ్యండి. భుజాల దగ్గర క్లిప్పులు పెడితే మెడ సాగుతుంది. మడత పెట్టేటప్పుడు ప్రింటుకి ప్రింటు తగలకుండా మధ్యలో బటర్ పేపర్ ఉండాలి. మే నెల బీరువా వేడికి రెండు ప్రింట్లు అతుక్కుని, విడదీస్తే ఒకదాని ముక్క ఇంకోదానికి వస్తుంది.

సైజు గురించి ఒక్క మాట. లేబుల్ నమ్మకండి. జపాన్ ఎల్ మనకి ఎం లాగా ఉంటుంది, అమెరికా ఎల్ మన ఎక్స్‌ఎల్‌కి దగ్గర. చంక నుంచి చంకకి టేపు పెట్టి కొలవండి. ఒంటి ఛాతీ 40 ఉంటే చొక్కా అడ్డం కొలత 21.5 నుంచి 22 అంగుళాలు ఉండాలి. ముందే కుదించని కాటన్ అయితే నూటికి అయిదు వంతుల దాకా కుంచించుకుపోతుంది, అది కూడా కలుపుకోండి.

బ్రాడీపేట 4/14:
ఎక్కడ వేసుకోవచ్చు అన్నదానికి: దాదాపు అన్నిచోట్లా. మొదటి ఆటకి హీరో బొమ్మ చొక్కాతో వచ్చే నలభై ఏళ్ల మనిషినీ, ఐపీఎల్ జెర్సీతో కూరగాయలు కొనే మనిషినీ బెజవాడ, గుంటూరు రెండూ మామూలుగానే చూస్తాయి. పార్కు మీద ఇష్టం అంతకన్నా తక్కువదేమీ కాదు. చూసేవాళ్లకి ఎబ్బెట్టుగా అనిపించేది బొమ్మ కాదండీ, సాగిపోయిన మెడ, పొట్టకి బిగిసిన చొక్కా. ఒంటికి సరిపోయే టీ షర్టు, ఒకే రంగు ప్యాంటు, శుభ్రమైన బూట్లు ఉంటే చాలు. బొమ్మ ఉన్నది ఒక్కటే ఉండాలి. టీ షర్టు, టోపీ, సంచీ మూడూ ఒకేసారి వద్దు.

మానుకోవలసినవి: పరామర్శలు, కోర్టు, బ్యాంకు పెద్ద పనులు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి సంప్రదాయ దుస్తులే. ఆఫీసుకి వెళ్లాలంటే కాలరున్న పోలో, జేబు స్థానంలో చిన్న ఎంబ్రాయిడరీ బొమ్మ. ఎంబ్రాయిడరీ ప్రింటు కన్నా చాలా ఏళ్లు నిలుస్తుంది. ఎంబ్రాయిడరీ వెనక బిగువుకి పెట్టే పేస్టింగ్ గుడ్డ గుచ్చుకుంటే దర్జీ చేత మెత్తటి మల్ గుడ్డ ముక్క కుట్టించుకోండి.

పిన్నుల గురించి జాగ్రత్త. డిస్నీ వరల్డ్‌లో 1999లో పిన్నుల మార్పిడి మొదలైనప్పటి నుంచీ మెడలో వేసుకునే పట్టీలకి పెట్టుకోవడమే రివాజు, అందులో అర్థం ఉంది. పల్చటి టీ షర్టుకి పిన్ను పెడితే బరువుకి కిందికి లాగి చిల్లు పడుతుంది. మందపాటి సంచీకి పెట్టండి. వెనక రబ్బరు బిళ్ల జారిపోతుంది, కాబట్టి చిన్న స్క్రూతో బిగించే లాకింగ్ బిళ్లలు వేయించండి. ఆర్టీసీ బస్సు రద్దీలో పక్కవాళ్లకి గుచ్చుకోకుండా సంచీ ముందుకు తిప్పుకోవాలి. మాల్ తనిఖీ దగ్గర సంచీ విడిగా ఇచ్చేస్తే గొడవ ఉండదు. ఇంటికి వచ్చాక పొడిగుడ్డతో చెమట తుడవండి, లేకపోతే వెనక సూది తుప్పు పట్టి బట్టకి గోధుమ మచ్చ దిగుతుంది.

చెవుల బ్యాండు హెల్మెట్ కింద పట్టదు. పెట్టెలో తీసుకెళ్లి, దిగాక పెట్టుకోండి. కళ్లజోడు ఉంటే చెవి వెనక రెండూ ఒకేచోట నొక్కి గంటలో తలనొప్పి వస్తుంది. బ్యాండును రెండు అంగుళాలు ముందుకి జరపండి. సినిమా హాల్లో మాత్రం తీసెయ్యాలి, వెనక సీటు వాళ్లకి తెర కనపడదు.

గాంధీకొండ:
చాలా ఉపయోగపడిందండీ. ఇంకో రెండు. తెల్ల టీ షర్టు మీద ఆవకాయ నూనె, పసుపు పడితే? మా ఆవిడకి టీ షర్టులు ఇష్టం లేవు, చీరలే కడుతుంది. ఆమెకి కూడా పార్కు తరహా ఏదైనా ఉందా?

నేతచీర:
అమ్మగారికి చక్కటి దారి ఉందండీ. అమెరికా డిస్నీ పార్కుల్లో 14 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు వేషం వేసుకుని రాకూడదు, హాలోవీన్ పార్టీల లాంటి ప్రత్యేక సందర్భాలు తప్ప. అందుకని అక్కడి పెద్దవాళ్లు మామూలు బట్టల్లోనే పాత్ర రంగులు కూర్చుకుంటారు. లెస్లీ కే అనే ఆవిడ 2011లో మొదలుపెట్టిన బ్లాగుతో దీనికి డిస్నీబౌండింగ్ అన్న పేరు పాకింది. ఈ పద్ధతికి చీరంత వీలైన బట్ట ఇంకోటి లేదు: చీర, అంచు, రవిక, మూడు రంగులు చేతిలో ఉంటాయి.

స్నో వైట్‌కి పసుపుపచ్చ మంగళగిరి కాటన్ చీర, ముదురు నీలం రవిక, జడకి ఎర్ర రిబ్బను. హాంటెడ్ మాన్షన్‌కి (డిస్నీ పార్కుల్లోని దెయ్యాల బంగళా) వంకాయ రంగు చీర, నల్ల రవిక, వెండి జుంకాలు. మిన్నీకి ఎర్ర చీర మీద తెల్ల చుక్కలు, నల్ల రవిక, పసుపు చెప్పులు. చుక్కలు రూపాయి బిళ్లంత ఉండాలి, చిన్నవైతే దూరానికి మామూలు చుక్కల చీర అయిపోతుంది. రంగు ఛాయ తప్పితే పాత్ర తప్పుతుంది: స్నో వైట్ పసుపు నిమ్మ రంగుకి దగ్గర, బంతిపువ్వు రంగు కాదు. షాపు ట్యూబులైట్ కింద ఎంచకండి. వన్ టౌన్ వస్త్రలతలో కొన్నా మంగళగిరిలో నేతవాళ్ల దగ్గర కొన్నా, గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుగులో బొమ్మ ఫోటో పక్కన పెట్టి చూడండి. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇది కట్టుకు వెళ్లొచ్చు, తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

అద్దకంపని:
మచ్చల సంగతి. ముందు నూనె పోవాలి: గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలితో రుద్ది పది నిమిషాలు ఉంచండి, తర్వాత చల్లటి నీళ్లు. పసుపు మీద సబ్బు పడగానే ఎర్రగా మారుతుంది, అది క్షారం వల్ల, కంగారు పడొద్దు, జాడిస్తే మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. మిగిలిన పసుపుని ఎండే లాగేస్తుంది. కానీ ప్రింటు ఎండలో వాడుతుంది కదా, అందుకని తడి చొక్కా పరిచి మచ్చ దగ్గర మాత్రం వదిలి, ప్రింటు మీద మందపాటి తువ్వాలు మడిచి కప్పండి. రెండు మూడు మధ్యాహ్నాలు పడుతుంది. నూనె పోకుండా ఇస్త్రీ మాత్రం చెయ్యకండి, మచ్చ పాతుకుపోతుంది.